మూడు వయసులు చెప్పిన పిల్ల

నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. బాలల సేవల సమన్వయ మండలిని కొనసాగించే బిల్లు శాసనసభలో ఆమోదం పొందిన రోజు నారాయణఖేడ్‌లో మా పాత ఆఫీసువాళ్లు మైసూర్‌పాక్ పంచారు. అప్పటికి నేను రిటైరై కొన్ని నెలలే అయింది. మా ఇల్లు ఆఫీసున్న వీధిలోనే. మిఠాయి డబ్బా మా గుమ్మం ముందు నుంచే పోయింది, లోపలికి రాలేదు. తర్వాత మండలి గొప్పల మీద ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో మా ఊరి సంగతికి సగం పేజీ, ఒక ఫొటో దక్కాయి. ఫొటోలో ఎడమ పక్కన కనబడే భుజం నాది. తల కత్తిరించారు.

ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చదువుతారని ఆశ. చదవకపోయినా రాస్తాను. నాకు అలవాటే.

ముందుగా మండలి అంటే ఏమిటో చెప్పాలి. పిల్లలకు తిండి పెట్టేది ఒక శాఖ, చదువు చెప్పేది ఇంకొకటి, సూది వేసేది మరొకటి. ఈ మూడింటినీ ఒక దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించడానికి ప్రభుత్వం చట్టం చేసి మండలిని పెట్టింది. నారాయణఖేడ్ డివిజన్‌కు నేను సమన్వయకర్తను. పేరు పెద్దది. కుర్చీ మాత్రం లేదు. మీటింగ్ హాల్లో ప్రతి శాఖకూ ఒక కుర్చీ ఉంటుంది, దాని వెనక పెయింటుతో పేరు రాసి ఉంటుంది. మండలి శాఖ కాదు కాబట్టి దానికి కుర్చీ లేదన్నారు. ఎవరు రాకపోతే వాళ్ల కుర్చీలో కూర్చునేవాణ్ణి. అందరూ వచ్చిన రోజు గోడకానుకుని నిలబడేవాణ్ణి. అందరినీ రప్పించడమే నా ఉద్యోగం. అంటే ఉద్యోగం సరిగ్గా చేసిన ప్రతిసారీ నేను నిలబడే ఉన్నాను. ఈ మాట అప్పట్లోనే రాతపూర్వకంగా పెట్టాను. పరిశీలిస్తామన్నారు.

ఇంకో సంగతి. మండలి పుట్టిన చట్టంలోనే దాని ఆఖరి రోజు కూడా రాసి పెట్టారు. ఆలోపు శాసనసభ మళ్లీ బిల్లు పెట్టి పొడిగిస్తే ఉంటుంది, లేకపోతే ఆ రోజుతో పోతుంది. నా ఉద్యోగంలో చివరి ఏడాది, మండలికీ అదే చివరి ఏడాది. మా ఇద్దరినీ ఒకేసారి సాగనంపుతారని ఆఫీసులో నవ్వుకునేవాళ్లు. ఎవరు నవ్వారో నాకు గుర్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా వైపు ఊళ్లు, తండాలు దసరా దాటగానే ఖాళీ అవుతాయి. మెట్ట పంట ఇంటికొచ్చాక మొగుడూ పెళ్లాం జోడీగా చెరుకు కొట్టడానికి బీదర్ అవతలికి పోతారు. పిల్లల్ని చూసుకోవడానికి పెద్ద పిల్లను వెంట తీసుకుపోతారు. పెద్ద పిల్ల అంటే ఏడేళ్లో ఎనిమిదేళ్లో. ఆమె చంకలో చిన్నవాడు ఉంటాడు. తిరిగొచ్చేసరికి బడి ఏడాది ముగింపుకు వస్తుంది. మరుసటేడు ఆ పిల్ల బడి మొహం చూడదు.

మనూర్ వైపు ఒక ఊళ్లో మేం దీనికొక ఉపాయం చేశాం. తల్లిదండ్రులు పోయినా పిల్లలు అవ్వల దగ్గర ఉండిపోయేటట్టు, సాయంత్రం బడిలోనే అన్నం పెట్టి, రాత్రి ఆడపిల్లల్ని ఒక గదిలో పడుకోబెట్టడం. కాపలాకు వంట చేసే ముసలమ్మ. ఊరివాళ్లు దానికి చెరుకు బడి అని పేరు పెట్టుకున్నారు. చెప్పడానికి తేలికే. చేయించడానికి నాకు ముగ్గురితో పని పడింది.

ఒకరు అంగన్‌వాడీ సూపర్‌వైజరమ్మ. కల్హేర్ ఆవిడ, గొంతు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే. జొన్న రొట్టె, పల్లీల పొడి తెచ్చి ఆఫీసంతా పెడుతుంది. ఒకసారి నాకు పెట్టడం మరిచింది. రెండో వ్యక్తి ఆ ఊరి బడి హెడ్మాస్టరు. కన్నడం మాట్లాడే ఇంటివాడు, మహా మర్యాదస్థుడు. అంత మర్యాదస్థుడూ నేను మొదటిసారి వెళ్లినప్పుడు నన్ను మూడో తరగతి బెంచీ మీద కూర్చోమన్నాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. మూడో వ్యక్తి దవాఖాన నర్సమ్మ. పనిలో వంక పెట్టలేం. కానీ కొత్తవాళ్ల ముందు నన్ను పరేషాన్ సార్ అని పరిచయం చేసేది.

మొదటి రోజే తగాదా. ఆరేండ్లు దాటిన పిల్ల నా పిల్ల కాదని సూపర్‌వైజరమ్మ అంది. జ్వరమొస్తేనే నా పిల్ల అని నర్సమ్మ. హెడ్మాస్టరు చాలా వినయంగా, సాయంత్రం నాలుగు దాటాక ఆ గది తనది కాదనీ, తాళం మాత్రం తనదేననీ చెప్పాడు. రాత్రి ఏదైనా జరిగితే తాళం ఎవరిదో వాళ్ల మెడకే చుట్టుకుంటుందని ఆయన భయం. ఆ భయం అబద్ధం కాదు. ఇద్దరం చాలాసేపు ఆ తలుపు ముందే నిలబడ్డాం.

చివరికి నేను నారాయణఖేడ్ బజారుకు వెళ్లి మండలి పేరు మీద ఒక తాళం కొన్నాను. తలుపుకు రెండో గొళ్లెం వేయించాను. పగలు బడి తాళం. నాలుగు దాటితే బడి తాళం తీసి మండలి తాళం. పొద్దున మళ్లీ మార్పిడి. ఊరివాళ్లు నవ్వారు. ఒక్క తలుపుకు ఇద్దరు మొగుళ్లా అని వంట ముసలమ్మ అడిగింది. నవ్వనీ. హెడ్మాస్టరు హాయిగా ఇంటికి పోయి నిద్రపోయాడు, పిల్లలు హాయిగా లోపల నిద్రపోయారు.

ఆ తర్వాత నేను చేసిన పని ఒక్కటే. రోజూ సాయంత్రం ముగ్గురికీ ఫోన్ చేసేవాణ్ణి. రేపు మీరు ఏం చేస్తున్నారు, ఎక్కడికి పోతున్నారు, పిల్లల్లో ఎవరు ఎక్కడుంటారు. అంతే. అన్నం దినుసులు వచ్చే రోజే సూదుల రోజు పెట్టుకోకుండా, సూదుల రోజే పరీక్ష పెట్టుకోకుండా ఆ ఫోన్ ఆపేది. ముగ్గురూ విసుక్కునేవాళ్లు. పరేషాన్ ఫోన్ వచ్చిందని సూపర్‌వైజరమ్మ ఇంట్లో పిల్లలు అరవడం నాకు వినిపించేది. అయినా చేశాను. పండగ రోజు కూడా చేశాను.

మండలిని పొడిగించాలా వద్దా అని చూడటానికి శాసనసభ కమిటీ ఒకటి జిల్లాలు తిరుగుతోందని, మా చెరుకు బడిని చూడటానికి వస్తోందని ఆ చలికాలంలో తెలిసింది. కమిటీకి అధ్యక్షురాలు ఒక మహిళా సభ్యురాలు. వాళ్లకు నచ్చితే బిల్లు వస్తుంది. నచ్చకపోతే మండలి పోతుంది, మండలితో పాటు రెండో తాళమూ పోతుంది. ఆ తాళం పోతే మళ్లీ దసరాకు పెద్ద పిల్లలంతా చెరుకు తోటలకే. ఇది నాకూ, ఆ ముగ్గురికీ, ఊళ్లో ప్రతి అవ్వకూ తెలుసు.

ఏర్పాట్లకు మీటింగ్ పెట్టారు. పై నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. నేను లోపలికి పోబోతుంటే తలుపు దగ్గరే ఆపాడు. నీ మండలి గురించే కదా విచారణ, నువ్వు ఏర్పాట్లలో ఉంటే స్వార్థమనుకుంటారు, ఇందులో కలగజేసుకోవద్దు అన్నాడు. లోపల ఒక కుర్చీ ఖాళీగా ఉంది. నా కళ్లతో చూశాను.

నేను పోయి బస్టాండ్ దగ్గర చాయ్ తాగాను. ఇంటికి వచ్చాను. వద్దన్నారు కాబట్టి ఆ సాయంత్రం ఫోన్ చెయ్యలేదు. మర్నాడూ చెయ్యలేదు. కమిటీ వచ్చే ముందు రోజు సాయంత్రం కూడా చెయ్యలేదు. మా ఇంటావిడ ఫోన్ వైపూ నా వైపూ చూసి, పాడైందా అని అడిగింది. పాడవలేదన్నాను. ఇప్పటికీ నేను చేసింది సరైనదే అంటాను.

నేను ఫోన్ చేసి ఉంటే మొట్టమొదట చెప్పేవాణ్ణి, మంగళవారం వద్దని. ఆ కాలంలో ఆ ఊరి అవ్వలు చెరుకుకు పోయిన కొడుకులూ కోడళ్లూ చల్లగా ఉండాలని పిల్లల్ని వెంటబెట్టుకుని బోరంచ నల్లపోచమ్మకు మొక్కు చెల్లించేది ఒక మంగళవారమే. పెద్ద అధికారి కమిటీని సరిగ్గా ఆ మంగళవారమే రమ్మన్నాడు. తెల్లారేసరికి పిల్లల్లో చాలామంది ఆటోల్లో బోరంచ దారి పట్టారు.

నేను ఊరి రోడ్డు మీద వేపచెట్టు నీడలో ఉన్నాను. రోడ్డు మీద నిలబడటానికి ఎవరి పిలుపూ అక్కర్లేదు. అక్కడి నుంచి అంగన్‌వాడీ, బడి, దవాఖాన మూడూ కనబడతాయి. అందుకే అంతా చూశాను.

అంగన్‌వాడీలో పిల్లలు చాల్లేదు. తమ్ముణ్ణి దింపడానికి ఒక పిల్ల వచ్చింది. వాళ్ల అవ్వకు మోకాళ్ల నొప్పి, బోరంచ పోలేదు. సూపర్‌వైజరమ్మ ఆ పిల్లను పట్టుకుని చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టింది. కమిటీ జీపులు వచ్చాయి, పిల్ల పద్యం చెప్పింది, సభ్యులు చప్పట్లు కొట్టారు. కమిటీ గుడ్లూ పాలపొడీ చూస్తుండగా తమ్ముణ్ణి దింపబోయిన పిల్ల ఇంకా రాలేదేమని హెడ్మాస్టరు పెరటి వైపు నుంచి వచ్చి, మూడో తరగతిలో మిగిలిన నలుగురైదుగురిలో చదవగలిగేది ఆమే కాబట్టి, పిల్లను చెయ్యి పట్టుకుని బడికి నడిపించుకుపోయాడు. అక్కడా పద్యం చెప్పింది. కమిటీ ఆయన గదిలో చాయ్ తాగుతుండగా, ఆడపిల్లలు తక్కువయ్యారని నర్సమ్మ ఆటో పంపి పిల్లను దవాఖానకు రప్పించింది. ఈసారి పిల్ల రిబ్బన్లు మారాయి.

ముగ్గురిలో ఏ ఒక్కరికీ మిగతా ఇద్దరూ అదే పిల్లను పెట్టుకున్నారని తెలియదు. ఇది నేను ఒట్టేసి చెబుతాను. వాళ్లు దొంగలు కారు. ఆ ముందు రోజు సాయంత్రం వాళ్లకు ఫోన్ రాలేదు, అంతే.

దవాఖాన వరండాలో బెంచీ మీద ఎదిగే ఆడపిల్లలకు రక్తం మాత్రలిచ్చే కార్యక్రమం. ఆ పిల్ల మొదటి వరసలో కూర్చుంది, కాళ్లు నేలకు అందడం లేదు. అధ్యక్షురాలు ఆమె ముందు ఆగింది. వరండా రోడ్డు వారనే ఉంది, నేను గేటు దగ్గరికి జరిగాను. నీకెన్నేళ్లమ్మా అని ఆవిడ అడిగింది. పిల్ల ముందు నర్సమ్మ వైపు చూసింది, తర్వాత గేటు దగ్గరికి వచ్చిన సూపర్‌వైజరమ్మ వైపు చూసింది.

“ఏది చెప్పాలె మేడం? పొద్దుగాల అంగన్‌వాడీ అక్క ఐదేండ్లు చెప్పమన్నది. బడిల ఎనిమిది చెప్పిన. గీడ సిస్టరమ్మ పది అన్నది,” అంది. కొంచెం ఆగి, “పద్యం గూడ చెప్పాల్నా? నాకు గదొక్కటే వస్తది,” అంది.

ఎవరూ నవ్వలేదు. పెద్ద అధికారి మొహం చూడాల్సింది. అధ్యక్షురాలు పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుంది. మూడు చోట్లా ఒకే పిల్లను చూపిస్తే ఇక్కడ నడుస్తున్నదంతా నాటకమని రాసుకుని పోవాలా అని నెమ్మదిగా అడిగింది. ఆ నెమ్మదితనానికే నర్సమ్మ కళ్లు తుడుచుకుంది. ఇక్కడ సమన్వయం చేసేది ఎవరని అధ్యక్షురాలు అడిగింది. ఆయన్ని ఈరోజు పిలవలేదు మేడం అని పెద్ద అధికారి అన్నాడు. కమిటీ వెంట వచ్చిన హెడ్మాస్టరు నా వైపు చెయ్యి చూపించాడు. అంతా గేటు వైపు తిరిగారు.

నేను లోపలికి నడిచాను. జొన్న రొట్టె, మూడో తరగతి బెంచీ, పరేషాన్ సార్ అన్నీ గుర్తున్నాయి. నాకు ఎప్పుడూ గుర్తుంటాయి, ఆ నిమిషంలో ప్రత్యేకంగా గుర్తుకు రావలసిన పని లేదు. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. నేను ఒక్క మాట అంటే చాలు, ముగ్గురి ఉద్యోగాల మీదికీ వస్తుంది. ఏళ్ల తరబడి దాచుకున్న ఫిర్యాదులన్నీ చెప్పుకోవడానికి అంత మంచి సభ మళ్లీ దొరకదు.

చెప్పాను. కానీ నా ఫిర్యాదు ఒక్కటే చెప్పాను.

“మేడం, వయసొక్కటే తప్పు. మిగతాదంతా నిజం,” అన్నాను. “ఈ పిల్ల పొద్దున తమ్ముణ్ణెత్తుకుని అంగన్‌వాడీకి పోతది. పగలు బడిల ఉంటది. జ్వరమొస్తే గీ సిస్టరమ్మనే చూస్తది. రోజూ మూడు చోట్ల ఉండే పిల్లనే మీకు మూడు చోట్ల కనబడ్డది. ముగ్గురికీ ఒకరి సంగతి ఒకరికి చెప్పుడే నా పని. నన్ను వద్దన్నరు. నేను లేకుంటే ఎట్లుంటదో చూడనీకే మీరొచ్చిన్రు కదా. చూసిన్రు.”

అధ్యక్షురాలు పిల్ల వైపు తిరిగి, మీ అమ్మా నాయనా ఎక్కడున్నారని అడిగింది.

“చెరుకు కొట్టనీకి పోయిన్రు. బీదర్ అవతల.”

“నువ్వు పోలేదా?”

“నిరుడు పోయిన. తమ్ముణ్ణి నేనే చూసుకున్న.” పిల్ల రిబ్బను వేలికి చుట్టుకుంటూ చెప్పింది. “ఆడ గుడిసెకు తలుపుండదు మేడం. రాత్రి నిద్ర రాదు. గీడ తలుపుకు రెండు తాళాలుంటయి.”

ఆవిడ లేచి, ఆ తలుపు చూపించమంది. మేమంతా వెనక్కి బడికి నడిచాం. ఈసారి నేను ముందు నడిచాను. రెండు గొళ్లేలు, రెండు తాళాలు చూసి ఇదేమిటంది. నాలుగు వరకు ఒకరిది, నాలుగు తర్వాత మాది అని చెప్పాను. మండలి పోతే ఈ రెండోది ఎవరిది అని అడిగింది. హెడ్మాస్టరు మర్యాదగా, మెల్లగా, ఎవరిదీ కాదు మేడం, అన్నాడు. ఆయన మీద నాకున్న కోపంలో సగం అప్పుడే పోయింది. ఆ మాట ఆయన నోట రావడమే సరైనది. నేను చెబితే స్వార్థమనేవాళ్లు.

మిట్ట మధ్యాహ్నం బోరంచ నుంచి ఆటోలు తిరిగొచ్చాయి. పసుపు బొట్లతో పిల్లలంతా ఒక్కసారి బడిలోకి వచ్చిపడ్డారు. అవ్వలు కమిటీ సభ్యులకు కొబ్బరి ముక్కలు పంచారు. అధ్యక్షురాలు వాళ్ల మధ్యనే కింద కూర్చుని చాలాసేపు మాట్లాడింది. జీపు ఎక్కబోతూ నాకు నమస్కారం పెట్టింది. పెద్ద అధికారి పెట్టలేదు.

ఆ సాయంత్రం నా ఫోన్ మోగింది. సూపర్‌వైజరమ్మ. నిన్న రాత్రి ఫోన్ చేతుల పట్టుకునే కూసున్న సార్, నువ్వు చేస్తవనుకున్న, అంది. మరి నువ్వే చెయ్యవచ్చు కదా అన్నాను. నీకు కోపమున్నదని భయమైందంది. మర్నాడు డబ్బా పంపింది. రొట్టెలు ఎక్కువే ఉన్నాయి. ఆ లెక్క అక్కడితో సరిపోయింది.

బిల్లు వచ్చింది. ఆ రోజు సభను టీవీలో చూశాను. రాష్ట్రంలో ఒకచోట ఒక పాప తన వయసు మూడు రకాలుగా చెప్పిందని అధ్యక్షురాలు అంటే సభంతా నవ్వింది. తర్వాత ఆవిడ తలుపు లేని గుడిసె సంగతి చెప్పింది. నవ్వు ఆగింది. బిల్లుకు అందరూ చేతులెత్తారు. ‘ఒకచోట’ అంది కానీ నారాయణఖేడ్ అనలేదు. అది నేను గమనించాను.

అయినా నాకు సంతోషమే. చెరుకు బడి నడుస్తోంది. రెండో తాళం ఒకసారి తుప్పు పడితే కొత్తది వేశారట. నన్ను అడగకుండానే వేశారు. పోనీ, మండలి పేరు మీదే వేశారు. నా తర్వాత వచ్చిన అమ్మాయి కూడా సాయంత్రాలు ఫోన్లు చేస్తుందట. ఆమె కూడా నిలబడే ఉంటుందని విన్నాను. కుర్చీ సంగతి ఆమెను అడగమని చెప్పాను, సిగ్గుపడింది. సిగ్గుపడితే ఎట్లా అమ్మా?

ఆ పిల్ల ఇప్పుడు నారాయణఖేడ్‌లోనే హాస్టల్లో ఉండి హైస్కూల్ చదువుతోంది. సంతలో కనబడితే దూరం నుంచే పిలుస్తుంది. మొన్న కూరగాయల దగ్గర అందరూ వింటుండగా, “సార్, ఇప్పుడెంత చెప్పాలె?” అని అడిగింది. ఉన్నదే చెప్పు అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. తమ్ముడు ఇంకా ఊళ్లోనే, అవ్వ దగ్గరే. సాయంత్రం అన్నం ఆ బడిలోనే. ఈసారి అమ్మా నాయనల వెంట పోతానని ఏడ్చాడట, తానే ఆపిందట.

నాకు మిగిలిన ఫిర్యాదు ఇది. బిల్లు మండలిని కొనసాగించింది కానీ మళ్లీ ఒక ఆఖరి రోజు రాసి పెట్టింది. ఆ రోజు దగ్గరపడుతోంది. చెరుకు కోతకు ఆఖరి రోజు ఎవరూ రాయలేదు. ప్రతి దసరాకూ జోడీలు పోతూనే ఉన్నాయి. మరి పిల్లల తలుపుకే గడువు ఎందుకు పెట్టారు? ఈ మాట కింది నుంచి పై దాకా అందరినీ అడిగాను. పరిశీలిస్తామన్నారు. కుర్చీ గురించి కూడా అదే మాటన్నారు కాబట్టి నాకు నమ్మకం లేదు.

గడువు ముగిసిన సాయంత్రం నాలుగు గంటలకు హెడ్మాస్టరు తన తాళం తీస్తే, రెండో తాళం ఎవరు వేస్తారు? ఆ తమ్ముడూ వాడి ఈడు ఆడపిల్లలూ అప్పటికీ ఆ ఊళ్లోనే ఉంటారు. నాకు పేరొద్దు, మైసూర్‌పాక్ వద్దు. దీనికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఇన్నేళ్లూ సాయంత్రాలు నేనే అందరికీ ఫోన్ చేశాను. ఈసారి మీరు చెయ్యండి. నేను ఇంట్లోనే ఉంటాను.